పీడీఏ మందుల చార్టు సరిదిద్దిన అందరికీ కృతజ్ఞతలు

గుండె దగ్గరి రెండు పెద్ద రక్తనాళాలను కలిపే చిన్న నాళం డక్టస్, పుట్టాక అది మూసుకోవాలి. నెలలు నిండని పిల్లల్లో తెరుచుకుని ఉండిపోయిన డక్టస్‌ను (పీడీఏ) మూయించే మందుల చార్టు ఇప్పుడు మా ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) ప్రతి వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే పడక) దగ్గరా ఉంది. ముసాయిదా చదివి, తప్పులు పట్టి, ఓపికగా సరిదిద్దిన మీ అందరికీ మా విభాగం తరఫున నమస్కారాలు.

ముందుగా ఫార్మసిస్టు గారికి. పారాసెటమాల్ కిలోకు 15 మి.గ్రా., ఆరు గంటలకోసారి, మూడు రోజులు అని రాసి ఊరుకున్నాం. "ఏ సీసా?" అని మీరడిగారు. డ్రాప్స్‌లో ఒక మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది, మామూలు సిరప్‌లో 5 మి.లీ.కి 120. కిలో బిడ్డకు సిరప్ 0.62 మి.లీ. కావాలి, డ్రాప్స్ అయితే 0.15 చాలు. సిరప్ లెక్కతో డ్రాప్స్ లాగితే నాలుగింతలు పడుతుంది. రోజుకు నాలుగుసార్లు అదే జరిగితే ఆ లేత కాలేయం ఏమైపోవాలి! ఇప్పుడు డోసు గడి పక్కనే 'ఏ సీసా?' అనే గడి ఉంది. మీ మాటనే పెట్టుకున్నాం.

సిస్టర్లకు ఎంత చెప్పినా తక్కువే. ఐబుప్రొఫెన్ కిలోకు మొదటి రోజు 10, తర్వాత రెండు రోజులూ 5 మి.గ్రా. చొప్పున, 24 గంటల తేడాతో. 5 మి.లీ.కి 100 మి.గ్రా. ఉండే సస్పెన్షన్‌లో కిలో బిడ్డకు అది 0.5, ఆపైన 0.25 మి.లీ. పావు మి.లీ. మందు పాలు పట్టే ట్యూబులోనే ఆగిపోతుందని, వెనకే కొద్దిగా పాలు పంపితేనే కడుపులోకి చేరుతుందని చెప్పింది మీరే. సీసా బాగా కుదపాలి, మందు అడుగున పేరుకుంటుంది. ఒక మి.లీ. సిరంజీయే వాడాలి. చుక్క ముందు సున్నా తప్పక రాయాలి: '.5' హడావిడిలో 5గా కనిపిస్తే పదింతలు.

డయపర్ తూచే పద్ధతీ మీదే. డక్టస్‌ను తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లే (ఒంట్లో తయారయ్యే రసాయనాలు) కిడ్నీకి రక్తం అందేలా చూస్తాయి. ఐబుప్రొఫెన్ వాటిని తగ్గిస్తుంది, అందుకే మూత్రం తగ్గిపోతుంది. గంటకు కిలోకు 0.6 మి.లీ. కన్నా తగ్గితే తర్వాతి డోసు ఆపాలి. కిలో బిడ్డకైతే ఎనిమిది గంటల్లో 5 మి.లీ. కూడా లేనట్టు. తడి డయపర్ బరువులోంచి పొడి బరువు తీసేస్తే గ్రాముకు ఒక మి.లీ. లెక్క. రక్తస్రావం ఉన్నా, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినా, పేగు వాపు అనుమానమున్నా ఈ మందు మొదలుపెట్టకూడదు.

ఎకో (గుండె స్కాన్) డాక్టరు గారు, 'మొదటి డోసుకు ముందే ఎకో' అన్న మీ వాక్యాన్ని ఎర్ర అక్షరాల్లో అచ్చు వేయించాం. పల్మనరీ అట్రేసియా (గుండె నుంచి ఊపిరితిత్తులకు దారి మూసుకుపోవడం), కోఆర్క్టేషన్ (ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం ఇరుకవడం) లాంటి పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో బిడ్డ ఆ డక్టస్ మీదే బతుకుతుంది. దాన్ని మూసేస్తే ప్రాణానికే ముప్పు.

చివరగా, "డక్టస్ తెరిచే ఉందన్నారు, మరి మందెందుకు వేయరు?" అని అడిగిన తల్లిదండ్రులకు. నెదర్లాండ్స్, బెల్జియం, డెన్మార్క్‌లలో 28 వారాలకు ముందే పుట్టిన 273 మంది పిల్లలపై చేసిన పరిశోధన 2023లో వచ్చింది. వెంటనే ఐబుప్రొఫెన్ ఇచ్చినవాళ్లతో పోలిస్తే, ఇవ్వకుండా కనిపెట్టి చూసిన పిల్లలకు ఎక్కువ నష్టమేమీ జరగలేదు. చాలామందిలో అది తనంతట తానే మూసుకుంటుంది. అందుకే డక్టస్ కొలత ఒక్కటే చూడం. వెంటిలేటర్ అవసరం పెరుగుతోందా, ఊపిరితిత్తుల్లో రక్తం ఎక్కువవుతోందా, బీపీ పడిపోతోందా అన్నవీ చూస్తాం. మీరు అడిగాకే ఈ పేరా చార్టులో చేరింది.