టోన్ల లెక్క చెప్పం, మంచి టోన్లేవో చెబుతాం: మా కొనుగోలుదారులకు ఒక మాట

ఇకనుంచి మా దగ్గర కొన్న ప్రతి పాత కీబోర్డుతోపాటు ఒక కాగితం వస్తుంది. అందులో మొత్తం ఎన్ని టోన్లున్నాయో, అంటే కీబోర్డు ఎన్ని వాయిద్యాల ధ్వనులు పలుకుతుందో ఉండదు. వినదగ్గ టోన్ల నంబర్లు, వాటిని ఎలా అమర్చుకుంటే బాగుంటాయి, ఏ కీ కాస్త మందంగా పలుకుతోంది, స్పీకర్ పరిస్థితి ఏమిటి అన్నవి ఉంటాయి. ఈ మార్పు ఎందుకో, ఆ కాగితం మేం ఎలా రాస్తామో ఇక్కడ పూర్తిగా చెబుతున్నాం. ఇదంతా తెలిస్తే మీరు ఎక్కడ కొన్నా ఉపయోగమే.

కొనేవారు ముందుగా అడిగేది "ఎన్ని టోన్లు?" అని. పెట్టె మీద 400 అనో 600 అనో పెద్ద అక్షరాలతో ఉంటుంది కాబట్టి అలా అడగడం సహజమే. కానీ ఆ 600లో చాలా భాగం జనరల్ మిడీ (జీఎం) జాబితాను, అంటే ఏ కంపెనీ కీబోర్డులోనైనా ఒకే నంబరుకు ఒకే వాయిద్యం ఉండాలనే జాబితాను నింపడానికి పెట్టినవి. 1991లో వచ్చిన ఆ ప్రమాణం ప్రకారం 128 టోన్లు ఒకే వరుసలో ఉండాలి, హెలికాప్టర్ చప్పుడు, చప్పట్లతో సహా. తయారీదారు శ్రద్ధ పెట్టి చేసినవి సాధారణంగా జాబితా మొదట్లో, 'ప్యానెల్ వాయిస్' అన్న పేరు కింద ఉంటాయి. ఆ తర్వాత ఎక్స్‌జీ లైట్ (జీఎంకు యమహా చేర్చిన పొడిగింపు) అనో జీఎం అనో మొదలయ్యేవి చిన్న చిన్న శాంపిళ్లతో, అంటే రికార్డు చేసిన ధ్వని ముక్కలతో చేసినవి. ఒకే కీబోర్డులో 1వ నంబరు పియానో, జీఎం వరుసలోని పియానో పక్కపక్కన వాయించండి, తేడా వెంటనే తెలుస్తుంది.

చవక కీబోర్డులో ఏ టోన్ బాగుంటుంది, ఏది బాగుండదు అన్నది చాలావరకు మెమరీ తేల్చే విషయం. సీడీ నాణ్యతలో, ఒకే ఛానెల్‌లో ఒక సెకను ధ్వనికి సుమారు 88 కిలోబైట్లు కావాలి. 61 కీస్‌కు ఒక్కోదానికి 10 సెకన్ల చొప్పున నిజమైన పియానోను రికార్డు చేసి పెడితే దాదాపు 54 మెగాబైట్లు అవుతుంది. అదీ ఒకే స్థాయి ఒత్తిడికి. మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా అని మూడు స్థాయిలు పెడితే దానికి మూడింతలు. పాత కీబోర్డుల్లో అన్ని టోన్లకూ, డ్రమ్స్‌కూ కలిపి ఉండే చోటు కొద్ది మెగాబైట్లే. అందుకే నాలుగైదు కీస్‌కు ఒక శాంపిల్ పెట్టి, దాన్నే పైకీ కిందికీ సాగదీస్తారు. మొదటి అర సెకను నిజమైన ధ్వని ఉంచి, ఆ తర్వాత చిన్న ముక్కను చక్రంలా తిప్పుతూ శబ్దం తగ్గించుకుంటూ పోతారు.

పియానోకు ఇది పెద్ద దెబ్బ. పియానో తీగ మోగిన క్షణం నుంచి ఆగేదాకా దాని గుణం మారుతూనే ఉంటుంది కాబట్టి తిరిగే ముక్క చెవికి దొరికిపోతుంది. ఆర్గన్ అలా కాదు. కీ నొక్కి ఉంచినంతసేపు దాని ధ్వని దాదాపు ఒకేలా ఉంటుంది, చిన్న ముక్క తిరిగినా పట్టుబడదు. అందువల్లే చాలా సాదా కీబోర్డులోనైనా ఆర్గన్, ఎలక్ట్రిక్ పియానో, వైబ్రఫోన్, గంటల టోన్లు, మెత్తటి స్ట్రింగ్స్, ప్యాడ్లు (వెనక నిలిచి ఉండే మెత్తటి ధ్వనులు), సింథ్ బేస్ బాగా వస్తాయి. వయొలిన్ సోలో, ట్రంపెట్, శాక్సఫోన్ లాంటివి పేలవంగా ఉంటాయి. ఊపిరి, కమాను చేసే మార్పులన్నీ ఒక చిన్న శాంపిల్‌లో ఇమడవు. కొన్నాక నిరాశ పడేవారిలో ఎక్కువమంది పియానో, వయొలిన్ మాత్రమే విని తీర్పు చెప్పినవారే. అదే పెట్టెలో మంచి ఎలక్ట్రిక్ పియానో ఉన్నా దాని దాకా వెళ్లరు.

శాంపిళ్లు లేని పాత చిన్న కీబోర్డులది వేరే దారి. యమహా పీఎస్ఎస్-470 లాంటివి రెండు ఆపరేటర్ల ఎఫ్ఎం పద్ధతిలో, అంటే ఒక తరంగంతో ఇంకోదాన్ని మారుస్తూ, ధ్వనిని అప్పటికప్పుడు పుట్టిస్తాయి. వీటిలో అసలు పియానోను వెతకొద్దు. గంటలు, బేస్, గరుకైన బ్రాస్ వెతకండి. దాని ముందు భాగంలో ఉన్న సింథ్ స్లైడర్లు కదిపితే ఉన్న టోన్లే కొత్త రూపాలు తీసుకుంటాయి. క్యాసియో ఎస్‌కే-1 ఇంకో రకం. మైకులో మీరిచ్చిన ఏ శబ్దాన్నైనా 8 బిట్లలో సుమారు 1.4 సెకన్లు పట్టుకుని కీస్ మీద పరుస్తుంది, ఒకసారికి నాలుగు స్వరాలే పలుకుతుంది. ఆ గరగరే దాని అందం, రికార్డింగ్ చేసేవారు దాన్ని కోరి వెతుక్కుంటారు. ఈ రెండు రకాలకూ కీస్ చిన్నవి. నేర్చుకునే పిల్లలకు ఇవి వద్దని మేమే చెబుతాం.

నేర్చుకోవడానికి, వేదిక మీద తేలికగా మోసుకెళ్లడానికి ఎక్కువగా అడిగేవి యమహా పీఎస్ఆర్-ఈ వరుస. ఇందులో 200 అంకెల మోడళ్లలో టచ్ ఉండదు, మెల్లగా నొక్కినా గట్టిగా కొట్టినా ఒకే శబ్దం. 300ల నుంచి టచ్ ఉంటుంది. 400లలో దానికితోడు స్వరాన్ని కాస్త పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రం, ధ్వనిని మార్చే రెండు నాబ్‌లు ఉంటాయి. మా దృష్టిలో చవకలో మంచి టోన్లు కావాలనుకునేవారు వెతకాల్సింది ఈ 400 మోడళ్లనే, కాస్త పాతదైనా సరే. టోన్ పేరు ముందు లైవ్, స్వీట్, కూల్ అన్న మాటలున్నవాటిని ముందు వినండి, మెమరీ ఎక్కువ ఖర్చుపెట్టింది వాటి మీదే. 000 నంబరులో ఉంటే మాత్రం జాగ్రత్త. అది ఎంచుకున్న స్టైల్‌కు (కీబోర్డు తోడుగా వాయించే నేపథ్య వాద్యానికి) తగ్గ టోన్‌ను తనంతట తానే తెచ్చే అమరిక. "టోన్ దానంతటదే మారిపోతోంది" అనే ఫిర్యాదుకు తరచూ అదే కారణం.

క్యాసియోలో 2018లో వచ్చిన సీటీ-ఎక్స్ వరుసతో టోన్లు స్పష్టంగా మెరుగుపడ్డాయి. సీటీ-ఎక్స్ 700 ఆ వరుసలో చిన్నదే అయినా దాని ఎలక్ట్రిక్ పియానోలు, స్ట్రింగ్స్ అంతకుముందు వచ్చిన చాలా పెద్ద మోడళ్లకంటే బాగుంటాయి.

ఇక మేం వినే పద్ధతి. ముందు కీబోర్డును మొదటి స్థితికి తెస్తాం, ఎందుకంటే పాత యజమాని మార్చిన అమరికలు లోపలే ఉండిపోతాయి. పీఎస్ఆర్-ఈ మోడళ్లలో కుడివైపు చివరి తెల్ల కీని నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే అమరికలు చెరిగిపోతాయి. శ్రుతి తప్పిందని తెచ్చే కీబోర్డుల్లో చాలావాటికి జబ్బేమీ ఉండదు. ట్యూనింగ్ 440 హెర్ట్జ్ నుంచి జరిగి ఉంటుంది, లేదా శ్రుతిని పైకీ కిందికీ మార్చే ట్రాన్స్‌పోజ్ సున్నాలో ఉండదు.

తర్వాత మంచి హెడ్‌ఫోన్ పెడతాం. లోపలి స్పీకర్లు చిన్నవి, మంద్రంలో ఉన్న బలాన్ని, పైన ఉన్న మెరుపును లేనట్టు వినిపిస్తాయి. రివర్బ్ (హాల్లో మోగినట్టుండే ప్రతిధ్వని), కోరస్ (ధ్వనిని దట్టంగా చేసే ఎఫెక్ట్) ఆపేస్తాం. రివర్బ్ తీసేశాక కూడా బాగున్న టోనే అసలు మంచి టోన్. అప్పుడు ఒక స్వరాన్ని 10 సెకన్లు నొక్కి పడతాం, శాంపిల్ తిరిగే చోట 'వూం వూం' అని అల వస్తే కాగితం మీద రాస్తాం. తెల్ల, నల్ల కీస్ అన్నిటినీ వరుసగా మంద్రం నుంచి తారస్థాయిదాకా ఒకే బలంతో వాయిస్తాం. ఎక్కడ గొంతు ఒక్కసారిగా మారుతుందో అక్కడ ఒక శాంపిల్ ముగిసి ఇంకొకటి మొదలైనట్టు. ఆ అతుకు మీరు ఎక్కువగా వాయించే మధ్య స్థాయిలో పడితే ఆ టోన్‌ను వదిలేస్తాం. చివరగా ఒకే కీని మెల్లగా మొదలుపెట్టి గట్టిగా కొట్టేదాకా వాయిస్తాం. శబ్దం పెరగడమే కాక గుణం కూడా ప్రకాశవంతమైతే మంచి టోన్, శబ్దం మాత్రమే పెరిగితే సాదా టోన్.

సాదా టోన్లను కూడా పనికొచ్చేలా చేయొచ్చు. డ్యూయల్ నొక్కి రెండో టోన్ కలపండి, కానీ రెండింటినీ సమానంగా ఉంచొద్దు. పియానో కింద మెత్తటి స్ట్రింగ్స్‌ను వినీవినపడనంతగా ఉంచితే పియానో ధ్వని త్వరగా ఆగిపోవడం తెలియదు. ఎలక్ట్రిక్ పియానో మీద ఒక ఆక్టేవ్ పైన గంటల టోన్ కాస్త కలిపితే ఎఫ్ఎం మెరుపు వస్తుంది. గరగరలాడే స్ట్రింగ్స్‌కు 400 మోడళ్లలో నాబ్‌తో కటాఫ్ (ధ్వని ప్రకాశం) తగ్గించి, అటాక్ (ధ్వని పూర్తిగా పైకి లేవడానికి పట్టే సమయం) కాస్త పెంచితే మంచి ప్యాడ్ అవుతుంది. నాబ్‌లు లేకపోయినా ఎక్స్‌జీ గుర్తు ఉన్న కీబోర్డుకు కంప్యూటర్ నుంచి మిడీ కంట్రోల్ నంబరు 74 పంపితే ప్రకాశం, 73తో అటాక్, 72తో రిలీజ్ (కీ వదిలాక ధ్వని ఆగే సమయం) మారుతాయి. బయటి స్పీకర్‌కు కలిపినప్పుడు 250 నుంచి 400 హెర్ట్జ్ మధ్య కొంచెం తగ్గించండి. చవక శాంపిళ్ల మబ్బంతా అక్కడే ఉంటుంది.

టోన్లు కలిపేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది పాలిఫనీ, అంటే ఒకేసారి ఎన్ని స్వరాలు పలకగలదన్నది. పీఎస్ఆర్-ఈ 433లో ఒకేసారి 32 స్వరాలే పలుకుతాయి. రెండు టోన్లు కలిపితే ఒక్కో కీకి కనీసం రెండు పోతాయి, స్టీరియో టోన్ అయితే ఇంకా ఎక్కువ, పైగా స్టైల్ తన వాటా తీసుకుంటుంది. కీ వదిలాకా ధ్వనిని నిలిపే సస్టెయిన్ పెడల్ తొక్కి అర్పెజియో (కార్డ్‌లోని స్వరాలను ఒకటొకటిగా) వాయిస్తే ముందు స్వరాలు మధ్యలో తెగిపోయేది ఇందుకే. అది పాడవడం కాదు, బాగుచేయడానికి ఏమీ ఉండదు.

నిజంగా పాడయ్యేవి వేరు. అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఒక కీ పలకకపోవడం, లేదా ఎప్పుడూ గరిష్ఠ శబ్దంతోనే పలకడం. టచ్ ఉన్న కీబోర్డుల్లో ప్రతి కీ కింద రబ్బరు పట్టీలో రెండు కార్బన్ చుక్కలుంటాయి. మొదటిది తగిలాక రెండోది తగిలేదాకా పట్టిన సమయాన్ని బట్టి కీబోర్డు బలం లెక్కిస్తుంది. దుమ్ము చేరి ఆ లెక్క తప్పితే ఇలాంటి లక్షణాలు వస్తాయి. పట్టీ తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూగులేని గుడ్డతో చుక్కలను, బోర్డు మీది నల్లటి గీతలను తేలికగా తుడిచి, పూర్తిగా ఆరాక పెడతాం. గట్టిగా రుద్దితే కార్బనే పోతుంది. ఉప్పుకాగితం పెడితే ఆ బోర్డు ఇక పనికిరాదు. పట్టీ ముళ్లు రంధ్రాల్లో పూర్తిగా దిగకపోతే కీ గట్టిగా ఉంటుంది లేదా రెండుసార్లు మోగుతుంది. అలా కాకుండా పక్కపక్కన 6 లేదా 8 కీస్ గుంపుగా పోయినా, ప్రతి 6వ లేదా 8వ కీ పోయినా తప్పు రబ్బరులో లేదు. రిబ్బన్ తీగ, సోల్డర్, డయోడ్‌లలో వెతకాలి. అలాంటివి బాగుచేశాకే అమ్ముతాం, లేదా విడిభాగాలకు వాడుకుంటాం.

హెడ్‌ఫోన్‌లో పలికి స్పీకర్‌లో పలకకపోతే ముందు హెడ్‌ఫోన్ సాకెట్‌ను అనుమానించండి. ప్లగ్ పెట్టగానే స్పీకర్లను ఆపే చిన్న రేకు అందులో ఇరుక్కుని ఉంటుంది. ప్లగ్‌ను చాలాసార్లు పెట్టి తీస్తే కొన్నిసార్లు అదే వదులుతుంది. ఏదో ఒక్క స్వరానికే స్పీకర్ బరబరలాడితే కోన్ చిరిగిందా, జాలీ వదులైందా, లోపల నాణెమో స్క్రూవో పడిందా చూడాలి. నిరంతరం సన్నటి కూత వినిపిస్తే బ్యాటరీలతో నడిపి చూడండి. కూత ఆగితే కీబోర్డు బాగున్నట్టే, అడాప్టర్ మార్చాలి.

అడాప్టర్ విషయంలో మేం ఇప్పుడు కచ్చితంగా ఉంటున్నాం. సరైనది లేకుండా కీబోర్డు పంపం. పీఎస్ఆర్-ఈ మోడళ్లకు 12 వోల్టులు, ప్లగ్ లోపలి భాగం ప్లస్. పాత క్యాసియోల ఏడీ-5 అడాప్టర్ 9 వోల్టులు, లోపలి భాగం మైనస్. సీటీ-ఎక్స్ 700కు 9.5 వోల్టులు. ప్లగ్ దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. వోల్టులు, ప్లస్ మైనస్ సరిగ్గా ఉండాలి. ఆంపియర్లు ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువుంటే శబ్దం పెంచినప్పుడు ఆగిపోతుంది. సస్టెయిన్ పెడల్ తలకిందులుగా పనిచేస్తే, పెడల్ మీద నుంచి కాలు తీసి కీబోర్డును ఆపి మళ్లీ ఆన్ చేయండి. చాలా మోడళ్లు ఆన్ అయ్యే క్షణంలోనే పెడల్ రకాన్ని గుర్తుపడతాయి.

కొన్నిటిని ఇక తీసుకోం. బ్యాటరీ కారి ఆ ద్రవం బోర్డుదాకా పాకినవి, తెర మీద గీతలు మాయమైనవి, ఫ్లాపీ డ్రైవ్ తప్ప ఫైళ్లు ఎక్కించే దారి లేక ఆ డ్రైవ్ కూడా చచ్చినవి. బ్యాటరీ గదిలోనే ఆగిన తుప్పును మాత్రం పలచని వెనిగర్‌తో తుడిచి, ఆల్కహాల్‌తో శుభ్రం చేసి అమ్ముతాం, కాగితం మీద ఆ మాట రాస్తాం.

అడిగేటప్పుడు "ఎన్ని టోన్లు" బదులు మీకు కావాల్సిన రెండు మూడు టోన్ల పేర్లు చెప్పండి, హెడ్‌ఫోన్‌లో వింటారా, స్పీకర్‌కు కలుపుతారా, టచ్ కావాలా చెప్పండి. ఆ టోన్లనే రివర్బ్ లేకుండా, హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి నేరుగా రికార్డు చేసి మీకు పంపుతాం. అది విన్నాకే కొనండి.