దానిమ్మ తొక్కల పొడి, యూరిక్ యాసిడ్: పరీక్ష ఫలితం, మా నిర్ణయం

మా దగ్గర దానిమ్మ, బత్తాయి తొక్కల పొడులు కొనేవారిలో పలువురు కొంతకాలంగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు: వీటిని నీళ్ళలో కాచి తాగితే యూరిక్ యాసిడ్ తగ్గుతుందా? అనంతపురం తోటల కాయల తొక్కలను నీడన ఎండబెట్టి పొడి చేసే మాకు ఈ ప్రశ్నకు ఊహతో జవాబు చెప్పడం ఇష్టం లేదు. అందుకే రెండు తొక్కల సారాలనూ ఒక ప్రయోగశాలలో పరీక్ష చేయించాము.

మన కణాల్లోనూ, మనం తినే మాంసం, చేపల్లోనూ ఉండే ప్యూరిన్లు విడిపోయినప్పుడు, క్సాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము వాటిని చివరకు యూరిక్ యాసిడ్‌గా మారుస్తుంది. డాక్టర్లు రాసే అల్లోప్యూరినాల్ మాత్ర అడ్డుకునేది ఈ ఎంజైమునే. పరీక్షనాళికలో ఆ ఎంజైముకు తొక్క సారం కలిపి, ఎంత యూరిక్ యాసిడ్ తయారవుతున్నదో 295 నానోమీటర్ల కాంతితో కొలిచారు. దానిమ్మ తొక్క సారం ఎంజైమును చెప్పుకోదగినంతగా మందగింపజేసింది. బత్తాయి తొక్క ప్రభావం స్వల్పమే.

అయినా ఈ ఫలితాన్ని మేము ప్యాకెట్టు మీద వేయడం లేదు. దానిమ్మ తొక్కకు అంత వగరు రావడానికి కారణమైన టానిన్లు దాదాపు ఏ ప్రొటీనునైనా అంటిపెట్టుకుంటాయి, కాబట్టి నాళికలో అవి ఎంజైమును అడ్డుకోవడంలో పెద్ద విశేషం లేదు. పైగా ఈ తొక్కలోని ప్రధాన టానిన్ అయిన ప్యూనికలాజిన్ కడుపులోకి వెళ్ళాక ఉన్నది ఉన్నట్టుగా రక్తంలో చేరదు. పేగుల్లోని సూక్ష్మజీవులు దాని నుంచి యూరోలిథిన్లు అనే వేరే పదార్థాలను తయారుచేస్తాయి. ఎలుకల మీద చేసిన ప్రయోగాలను చూపి కొందరు మమ్మల్ని ప్రోత్సహించారు. కానీ ఎలుకల్లో యూరిక్ యాసిడ్‌ను విడగొట్టే యూరికేజ్ అనే ఎంజైము ఉంటుంది, మనుషుల్లో ఉండదు. అందుకే ఇలాంటి ప్రయోగాల్లో సాధారణంగా ముందుగా పొటాషియం ఆక్సోనేట్ అనే రసాయనం ఇచ్చి ఆ యూరికేజ్‌ను ఆపుతారు, కనుక అక్కడి ఫలితం ఆధారంగా మనుషులకు మోతాదు చెప్పడం మాకు న్యాయంగా తోచలేదు. ఆహారంగా అమ్మే పొడి జబ్బు నయం చేస్తుందని రాయడానికి చట్టం ఒప్పుకోదు. ఒప్పుకున్నా మేము రాయము.

గౌట్‌తో (యూరిక్ యాసిడ్ పెరగడం వల్ల వచ్చే కీళ్ళ జబ్బుతో) బాధపడుతూ మాత్రలు వాడుతున్నవారు మా పొడిని నమ్ముకుని వాటిని మానవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాము. చికిత్సలో యూరిక్ యాసిడ్‌ను డెసిలీటరుకు 6 మిల్లీగ్రాముల లోపు నిలకడగా ఉంచడం సాధారణ లక్ష్యం. మాత్ర ఆపితే అది మళ్ళీ పెరిగి కీళ్ళలో స్ఫటికాలు పేరుకుంటాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఏ తొక్కల సారమూ తీసుకోవద్దు. తొక్కలకు బదులు పండ్ల రసాలు ఎక్కువగా తాగడం కూడా మంచిది కాదు, వాటిలోని ఫ్రక్టోజ్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది.

పురుగుమందులు నిలిచేది ఎక్కువగా తొక్క మీదనే కనుక, ఇకపై ప్రతి విడత సరుకుకూ అవశేషాల పరీక్ష చేయించి, ఆ నివేదికను ప్యాకెట్టుతో పాటు పంపుతాము. కేవలం యూరిక్ యాసిడ్ కోసమే పొడి కొన్నవారు విప్పని ప్యాకెట్లను తిరిగి పంపితే పూర్తి సొమ్ము చెల్లిస్తాము; రవాణా ఖర్చు కూడా మేమే భరిస్తాము.