చిన్నమ్మలూ, ఆ రిపోర్టు పంపు

చిన్నమ్మలూ,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్న మోకాలి నొప్పి మామూలే, చెబితే వినరు, తెల్లారేసరికి మడిలో ఉంటారు. చోడిపిండి ఆడించి డబ్బాలో పోసి ఉంచాను, బొబ్బిలి నుంచి అటు వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే పంపుతాను. నువ్వేమో ఫోన్ ఎత్తడం లేదు. నిన్న మీ అత్తగారే చేసి, "వదినగారూ, అమ్మాయికి కళ్లు పచ్చబడ్డాయి, పైత్యం గొట్టంలో రాయి ఉందన్నారు, మీకు చెప్పే ఉంటుంది కదా" అన్నారు. చెప్పిందండీ అన్నాను. ఇంకేమనాలి?

రాయి సంగతికి నాకంత భయం లేదు. వార్డుల్లోనే బతుకంతా గడిపినదాన్ని. కడుపుతో ఉన్నప్పుడు పైత్యరసంలో కొలెస్ట్రాల్ పెరుగుతుంది, గాల్‌బ్లాడర్, అంటే పైత్యం నిలవుండే సంచి, నెమ్మదిగా ఖాళీ అవుతుంది, అలా నిలవున్నదే గట్టిపడి రాయి అవుతుంది. అది జారి గొట్టంలో ఇరుక్కుంటే పచ్చకామెర్లు. నువ్వేదో తిన్నావని ఎవరన్నా అంటే పట్టించుకోకు. కానీ రాయి తీయాలంటే ఎక్స్‌రే పెడతారని, బిడ్డకి ఏమవుతుందోనని అల్లుడుగారు భయపడి, ముందు పసరు మందు వాడి చూద్దాం అన్నారట, ఆ మాట దగ్గరే నాకు నిద్ర పట్టలేదు.

రాజాం బాప్ప సంగతి నీకు సగమే తెలుసు. మొదటిసారి కళ్లు పచ్చబడితే పసరు పోయించుకుంది, ఉప్పు మానేసి చప్పిడి పథ్యం చేసింది, కొన్నాళ్లకి పచ్చదనం పోయింది. ఊరంతా ఆ మందే గొప్పదన్నారు. గొట్టంలో రాయి కాస్త కదిలితే పైత్యం దారి దొరికి దిగిపోతుంది, అంతే జరిగింది. మళ్లీ ఇరుక్కుంది. మళ్లీ పసరే తాగింది. దీపావళి వెళ్లాక ఒక రాత్రి చలిజ్వరం వచ్చింది, రెండు బొంతలు కప్పినా మంచం కిర్రుకిర్రుమంటూ ఊగిపోయింది. చెయ్యి పట్టుకుంటే నాడి సన్నగా పరిగెడుతోంది. విశాఖ తీసుకెళ్తే, ఆగిపోయిన పైత్యానికి చీము పట్టిందన్నారు. నోట్లోంచి గొట్టం వేసి రాయి తీస్తే చీము, పైత్యం కలిసి దిగాయి. బతికింది. ఇంకో పూట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు నాతోనే అన్నారు.

అల్లుడుగారికి ఇది చదివి వినిపించు. నోట్లోంచి గొట్టం వేసి రాయి తీసే ఆ పద్ధతినే ఈఆర్‌సీపీ అంటారు. మామూలుగా అందులో రంగు మందు ఎక్కించి ఎక్స్‌రేలో చూస్తూ రాయి తీస్తారు. కడుపుతో ఉన్నవాళ్లకి ఎక్స్‌రే లేకుండా కూడా చేస్తారు. కొసన అల్ట్రాసౌండ్ ఉన్న ఎండోస్కోప్‌ని చిన్నపేగు దాకా దింపుతారు. పైత్యం గొట్టం ఆ పక్కనే ఉంటుంది కాబట్టి, పొట్ట మీద చేసే స్కాన్‌కి గ్యాస్ అడ్డొచ్చి కనబడని చిన్న రాయి కూడా దాంట్లో తెలుస్తుంది. తర్వాత వేరే స్కోప్‌తో సన్నని తీగనీ, దాని మీదుగా సన్నని పైపునీ పంపి, పైత్యాన్ని పీల్చి చూస్తారు, పచ్చగా వస్తే సరైన గొట్టంలో ఉన్నట్టే. ఆ గొట్టం పేగులోకి తెరుచుకునే ద్వారం కొద్దిగా కోసి బెలూన్‌తో రాయిని లాగేస్తారు. మళ్లీ అల్ట్రాసౌండ్‌తో చూసి ఏమీ మిగల్లేదని తేల్చుకుంటారు. ఇందులో చేయి తిరిగిన డాక్టరుని అడగండి. ఒకవేళ కాసేపు ఎక్స్‌రే తప్పకపోయినా మోతాదు చాలా తక్కువ, బిడ్డకి వీలైనంత తక్కువ తగిలేలా జాగ్రత్త పడతారు. నీకు ఐదో నెల, చేయించుకోడానికి ఇదే మంచి సమయం.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎకోస్ప్రిన్ వేసుకుంటున్నావు కదా, ఆ మాట ముందే చెప్పు. పరగడుపున ఎన్ని గంటలు ఉండాలో అడుగు. ఎడమ పక్కకి పడుకోబెడతారు, అలాగే ఉండు. ముందూ తర్వాతా బిడ్డ గుండె చప్పుడు చూడమను. అయ్యాక పొట్ట పైభాగంలో నొప్పి వచ్చి వీపులోకి పొడిచినా, వాంతులైనా ఓర్చుకోకు, క్లోమం వాచే అవకాశం ఉంటుంది, వెంటనే నర్సుని పిలువు. ఓర్చుకోవడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు, అదే నా బాధ. గాల్‌బ్లాడర్‌లో ఇంకా రాళ్లుంటే మళ్లీ జారతాయి, దాన్ని ఎప్పుడు తీయాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి.

కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్ ఎంతుందో, గొట్టం ఎన్ని మిల్లీమీటర్లో కనబడేలా రిపోర్టు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. చలి పుట్టి జ్వరం వస్తే అది రాత్రయినా సరే, తెల్లారనిద్దాం అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లిపోండి. ఆ పసరు సీసా పారబోయించు. విజయనగరంలో రైలెక్కుతాను, టికెట్ దొరక్కపోతే బస్సుకే వస్తాను, మీ నాన్నకి వారం రోజుల వంట పక్కింటివాళ్లు చూస్తామన్నారు. అల్లుడుగారు స్టేషన్‌కి రానక్కర్లేదు, నీ దగ్గరే ఉండమను.

అమ్మ