గరాజులో పాత సైకిలు

మాడిసన్,
ఫిబ్రవరి 9

నాన్నకు నమస్కారం.

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. నువ్వూ అమ్మా క్షేమమని తలుస్తాను. ఫోనులో నేను సగం చెప్పేలోపే "సరేలేమ్మా, అమ్మకిస్తా" అంటున్నావు. నీకు సరిగ్గా వినబడటం లేదని నాకు తెలుసు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. అమ్మ చేత చదివించుకోకు. కళ్ళద్దాలు పెట్టుకుని నువ్వే చదవాలి, ఇది సైకిలు సంగతి.

అక్టోబరులో మా వీధి చివర ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాను వాకిట్లో పెట్టి అమ్మాడు. అందులో ఒక సైకిలు ఉంది. 40 డాలర్లకి తెచ్చుకున్నాను. కొండదారుల్లో తొక్కే రకం, ట్రెక్ 930. 1990ల మొదట్లోది. ఆ కంపెనీ 1976లో వాటర్లూ అనే చిన్న ఊళ్ళో, ఒక ఎర్రరంగు కొట్టంలో మొదలైంది. మా ఇంటి నుంచి ఆ ఊరు కారులో అరగంట పైచిలుకు. సొంత ఊరి సైకిలే అన్నమాట.

గేర్లు చూసి కొనలేదు నాన్నా. గొట్టాలు కలిసే చోట లగ్గులున్నాయి, అవే, అతుకు మీది తొడుగులు. మన సైకిలు షాపులో నువ్వు హెర్క్యులిస్ ఫ్రేము తిరగేసి, లగ్గు అంచు వెంట గోరు పెట్టి, ఇత్తడి అన్నివైపులా సమంగా పారిందా లేదా అని చూసేవాడివి. ఆ పెద్దాయన వాకిట్లో నేనూ అలాగే గోరు పెట్టి చూశాను. ఎక్కడా తట్టలేదు. గొట్టాన్ని వేలితో కొడితే ఖంగుమంది. ఇది క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు. గొట్టం చివర్లలో మందంగా, మధ్యలో పలచగా లాగుతారు. అందుకే గేర్లూ అవీ ఉన్నా మొత్తం బండి సుమారు 13 కిలోలే. పాలవాళ్ళ సైకిళ్ళెత్తిన నీ భుజానికి ఇది బరువే కాదు.

అసలు కష్టం సీటు దగ్గర వచ్చింది. సీటు కింది పోస్టు అల్యూమినియం, ఫ్రేము ఉక్కు. ఇక్కడ చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు లోపలికి దిగితే రెండు లోహాల మధ్య అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడి లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మేకులా బిగుసుకుంటుంది. ఓడరేవు గాలికి మన షాపులో కొత్త రిమ్ములు కూడా తుప్పు పట్టేవి కదా, అదే ఉప్పు ఇక్కడ రోడ్డు మీద నుంచి వచ్చింది.

నేను ముందు పెడళ్ళ ఇరుసు ఊడదీశాను. ఫ్రేము తలకిందులు చేసి ఆ రంధ్రంలోంచి తుప్పు వదిలించే నూనె పోశాను, పోస్టు అడుగు దాకా దిగాలని. రోజూ పొద్దున కొంచెం, రాత్రి కొంచెం, మూడు వారాలు. కదల్లేదు. సుత్తితో కొట్టమని మా ఆయన అన్నారు. కొట్టనివ్వలేదు. పలచటి గొట్టం, ఒకసారి సొట్టపడితే ఇక ఫ్రేము పోయినట్టే.

జనవరిలో ఒక రాత్రి ఇక్కడ మైనస్ 22 డిగ్రీలకు పడిపోయింది. చలికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు ముడుచుకుంటుంది. ఆ మాట గుర్తొచ్చి ఫ్రేము రాత్రంతా బయట వదిలేశాను. తెల్లవారి గరాజులో పోస్టు తలను వైసులో బిగించి, ఫ్రేమునే పట్టుకుని పెద్ద పానాలా తిప్పాను. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి తలుపు కీచుమన్నట్టు ఒక చప్పుడు. ఆపేసి మళ్ళీ నూనె పోశాను. ఇటు కొంచెం, అటు కొంచెం, గంటసేపు. అంగుళం అంగుళంగా బయటికొచ్చింది. పోస్టు పనికిరాదు, ఫ్రేముకి గీత పడలేదు. చేతులు కొంకర్లు పోయినా అక్కడే నిలబడి నిన్ను తలుచుకున్నాను. "బలం ఆఖర్న, ఓపిక ముందర" అని నువ్వు షాపులో పనికొచ్చే కుర్రాడికి చెప్పేవాడివి. నాకు కాదు. నేను షాపు గట్టు మీద కూర్చుని లెక్కలు చేసుకుంటూ విన్నాను.

కొత్త పోస్టు కొనేటప్పుడు పాతదాని మీదున్న కొలతే చూసి కొన్నాను. ఇవి 0.2 మిల్లీమీటర్ల తేడాతో వస్తాయి. ఆ కాస్త తేడా ఉన్నా ఒకటి వదులు, ఒకటి దిగదు. ఈసారి గ్రీజు దట్టంగా పూసి దించాను. ఏడాదికోసారి తీసి మళ్ళీ పూస్తాను.

అమ్మకి ఒక సంగతి చెప్పు. తుప్పుపట్టిన బోల్టులు, నట్లు చింతపండు పులుసులో రాత్రంతా నానబెట్టాను, ఇత్తడి బిందెకు తను రుద్దినట్టే. పొద్దున్నకి తుప్పు మెత్తబడి బ్రష్షుకే ఊడొచ్చింది. తర్వాత వంటసోడా నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. లేకపోతే ఆ పులుపే మళ్ళీ తింటుంది. గొట్టాల లోపల మరిగించిన అవిసె నూనె పోసి అన్నివైపులకీ తిప్పాను, అది ఆరి పొరలా నిలుస్తుంది. ఆ నూనె తుడిచిన గుడ్డలు ముద్ద చేసి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. అందుకని బయట పరిచి ఆరబెట్టాను. నువ్వు ఎప్పుడైనా వాడితే ఇది గుర్తుంచుకో.

రంగు వెయ్యలేదు. గీతలున్నాయి, ఉండనీ. రంగు గీకేస్తే పాత స్టిక్కర్లన్నీ పోతాయి, అవి పోతే ఇది ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు. బ్రేకు కట్టలు, తీగలు, చైను, 26 అంగుళాల టైర్లు కొత్తవి వేశాను. అవన్నీ తేలిగ్గానే దొరికాయి.

చక్రాల నడుమ ఉండే హబ్బులు విప్పే రోజు చిన్నోడు పక్కన కూర్చున్నాడు. వాడికి ఒక కథ చెప్పాను, నీకూ నచ్చుతుంది. కాలిఫోర్నియాలో మెరిన్ అనే చోట 1970లలో కొందరు కుర్రాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళు కొండ మీదికి చేర్చి, మట్టిదారిలో కిందికి పందెం వేసుకునేవాళ్ళు. ఆ సైకిళ్ళకి వెనక్కి తొక్కితే పడే బ్రేకు, అది హబ్బులోనే ఉంటుంది. కిందికి దిగేసరికి వేడికి గ్రీజంతా కాలి పొగైపోయేది. పందెం అయ్యాక హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు నింపాలి. అందుకే ఆ దారికి 'రీప్యాక్' అని పేరు. మొదటి పందెం 1976లో జరిగింది. కొండ సైకిళ్ళన్నీ అలాంటి కుర్రాళ్ళు చేసుకున్న బళ్ళ నుంచే వచ్చాయి. గ్రీజు పేరు పెట్టుకున్న దారి ఉందంటే తాతయ్య నమ్ముతాడా అని వాడు అడిగాడు.

వెనక హబ్బులో పావు అంగుళం గోళీలు, ఒక్కో వైపు తొమ్మిది. పాతవి పారేసి కొత్తవి గ్రీజులో గుచ్చాను. గోళీల మీది కోను బిగించి, చేత్తో తిప్పి, వదులు ఉందా, పట్టేసిందా అని మళ్ళీ మళ్ళీ చూశాను. ఎడమ పెడలు మామూలు నట్టులా విప్పబోతే ఇంకా బిగుస్తుందని వాడికి చెప్పినప్పుడు "నీకెలా తెలుసు?" అన్నాడు. తాతయ్య షాపు అన్నాను.

నాన్నా, అప్పుడు నువ్వు నన్ను పానా పట్టనివ్వలేదు. "చేతులకి గ్రీజు అంటితే పుస్తకానికి అంటుతుంది, నువ్వు చదువుకో" అన్నావు. నేను చదివాను, ఇంత దూరం వచ్చాను. నువ్వు చేసింది తప్పని అనడం లేదు. కానీ ఆ పని నాకు అప్పుడూ కావాలి, ఇప్పుడూ కావాలి. ఇన్నేళ్ళలో ఈ మాట నీకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఒక పని మిగిలింది. వెనక చక్రం బెండు ఉంది. గేర్ల కోసం కుడివైపు చోటు వదలాలి కాబట్టి ఈ చక్రంలో కుడి ఊచలు ఎడమవాటి కంటే బాగా బిగువుగా ఉంటాయి. మీటితే రెండువైపులా రెండు శ్రుతులు. మన చక్రాల్లో అంత తేడా ఉండదు, కాబట్టి ఇది నీకు కొత్త. బిగింపు కీ ఇక్కడి సైజుది కొన్నాను, తేనక్కర్లేదు. చెవికి వినబడకపోయినా నీ వేళ్ళకి తెలుస్తుంది. షాపులో ఇస్తే గంటలో చేసిస్తారు, ఇవ్వలేదు. చక్రం గోడకి మేకు మీద తగిలించి ఉంది. మే నెలలో నువ్వు వచ్చాక, నువ్వు పక్కన కూర్చో, కీ నేను పడతాను.

బీపీ మాత్రలు మరిచిపోకు. అమ్మకి నమస్కారాలు.

నీ
పెద్దమ్మాయి