పాఠాలు ఫోన్‌లో దొరుకుతున్నాయి, కాలేజీలు ల్యాబ్ తలుపులు తెరవాలి

సంపాదకులు గారికి నమస్కారం.

‘యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి, ఇంక ఇంజినీరింగ్ కాలేజీలో నేర్చుకునేది ఏముంది’ అనే మాట ఈ మధ్య బీటెక్ పిల్లల నోట తరచుగా వింటున్నాను. వాళ్ళకి పాఠం చెప్పే లెక్చరర్లని కదిపితే ‘సొంతంగా చదివితే ఫిజిక్స్ రాదు, ముందు క్లాసుకి రమ్మనండి’ అంటారు. నేను ఈసీఈలో (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) బీటెక్ చేసి ఎలక్ట్రానిక్స్ టెస్టింగ్ పనిలో ఉన్నదాన్ని. నాకు వచ్చిన ఫిజిక్స్‌లో ఎక్కువ భాగం ఉద్యోగంలో చేరాక రాత్రుళ్ళు కూర్చుని నేర్చుకున్నదే. రెండు వైపుల నుంచీ చూశాను కాబట్టి చెబుతున్నాను: పాఠం ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది, దొరకనివి రెండే. చేత్తో చేసి చూసే ల్యాబు ఒకటి, మనం వేసిన లెక్క చూసి ఎక్కడ దారి తప్పామో చెప్పే మనిషి రెండోది. ఈ రెండూ కాలేజీ దగ్గరే ఉన్నాయి, మన కాలేజీలు చాలావరకు వదిలేసింది కూడా ఈ రెంటినే.

పాఠాల సంగతి ముందు చెప్తాను. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి ఎన్‌పీటెల్ అనే ఉచిత ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమాన్ని 2003లో మొదలుపెట్టాయి. ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్ వి. బాలకృష్ణన్ గారు చెప్పిన క్లాసికల్ ఫిజిక్స్, క్వాంటమ్ ఫిజిక్స్ లెక్చర్లు ఇవాళ ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఆయన బోర్డు దగ్గర నిలబడి తొందర లేకుండా ఒక్కో మెట్టూ ఎక్కిస్తుంటే, ఇంజినీరింగ్‌లో నాకు ఫార్ములాలుగా మాత్రమే తెలిసిన విషయాలకి వెనక ఇంత ఆలోచన ఉందా అని ఆశ్చర్యపోయాను. అమెరికాలో ఎంఐటీ తన కోర్సులన్నీ అందరికీ ఉచితంగా పెడతానని 2001లోనే ప్రకటించి, పెట్టింది కూడా. ఫోనూ డేటా ఉంటే చాలు, అమలాపురంలో ఉన్న అమ్మాయికీ ఆదిలాబాద్‌లో ఉన్న అబ్బాయికీ ఆ పాఠం ఒకేలా అందుతుంది. మా తరానికి ఈ సౌకర్యం ఇంత సులువుగా లేదు, అందుకే దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు బాధ.

కానీ వీడియో చూడటం వేరు, నేర్చుకోవడం వేరు. స్పీడు ఒకటిన్నర రెట్లు పెట్టుకుని చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఎందుకంటే ఆలోచించే పని అవతల మనిషి చేస్తున్నాడు. మొదటి ఏడాది అప్లైడ్ ఫిజిక్స్‌లో అందరూ చదివే లెక్క ఒకటుంది, పెట్టెలో బంధించిన ఎలక్ట్రాన్‌కి ఏ ఏ శక్తి స్థాయిలు ఉంటాయో కనుక్కోవడం. డెరివేషన్ మొత్తం పొల్లుపోకుండా రాసే పిల్లల్ని ‘పెట్టె వెడల్పు రెట్టింపు చేస్తే ఎలక్ట్రాన్ శక్తి ఏమవుతుంది’ అని అడగండి, చాలామంది ఆగిపోతారు. నాలుగో వంతుకి పడిపోతుంది, ఫార్ములా కింద వెడల్పు వర్గంలో ఉంది కాబట్టి. పెట్టె చిన్నదైతే శక్తి పెరుగుతుంది, శక్తి మారితే వెలుగు రంగూ మారుతుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే సెమీకండక్టర్‌ని నానోమీటర్ల సైజుకి తగ్గించినప్పుడు దాని రంగు ఎందుకు మారుతుందో దానంతట అదే తెలుస్తుంది. అయితే పరీక్షలో అడిగేది డెరివేషనే కాబట్టి కాలేజీలో ఈ ప్రశ్న రాదు, వీడియోకి మన నోటుబుక్కు కనపడదు కాబట్టి అక్కడా రాదు. సొంతంగా చదువుకునే పిల్లలకి నేను చెప్పేది ఇదే: వీడియో ఆపేసి, తెల్లకాగితం తీసుకుని, మొదటి నుంచి మీరే రాయండి. ఎక్కడ చెయ్యి ఆగిపోయిందో అక్కడ మీకు రాదన్నమాట. ఆ చోటు తెలియడమే పెద్ద సంపాదన, తర్వాత దాన్ని ఎవరినైనా అడగొచ్చు.

అసలు నేను ఈ ఉత్తరం రాస్తున్నది ల్యాబ్ గురించి. బీటెక్ చదివిన ప్రతి ఒక్కరికీ తెలిసిన విషయమే, ఎవరూ పైకి అనరు. ఫిజిక్స్ ల్యాబ్‌లో న్యూటన్ రింగ్స్, టార్షనల్ పెండ్యులమ్, డయోడ్ ఎనర్జీ గ్యాప్ అని ఒక వరస ప్రయోగాలు ఉంటాయి, ఒక్కో టేబుల్ చుట్టూ ఐదారుగురు నిలబడితే ఒకరు నాబ్ తిప్పుతారు, మిగతావాళ్ళు రాసుకుంటారు. మార్కుల కోసం చూపించే రికార్డు పుస్తకంలోకి వచ్చేసరికి ఆ రాసుకున్నది కూడా ఉండదు, సీనియర్ల రికార్డులో ఉన్న రీడింగులే ఉంటాయి. అవీ లేకపోతే రావాల్సిన జవాబు నుంచి వెనక్కి లెక్కేసి రీడింగులు తయారుచేస్తారు. నేను చదివిన కాలేజీలో జవాబు పుస్తకంలో ఉన్న విలువకి దూరంగా వస్తే రికార్డు మీద సంతకం పడేది కాదు. పద్ధతే అలా ఉన్నప్పుడు పిల్లల్ని తిట్టి లాభం లేదు.

దీనివల్ల ఏం పోతుందో ఒక్క ప్రయోగం పట్టుకుని చెప్తాను, కొంచెం పెద్దదైనా ఓపిగ్గా చదవమని మనవి. ఎనర్జీ గ్యాప్ అంటే పదార్థంలో కట్టుబడి ఉన్న ఎలక్ట్రాన్‌ని విడిపించడానికి కావాల్సిన కనీస శక్తి. ఈ ప్రయోగంలో డయోడ్‌ని, అంటే కరెంట్‌ని ఒక వైపే బాగా పారనిచ్చే పరికరాన్ని, నూనెలో ముంచి వేడి చేస్తాం, చల్లారుతుండగా ఏ ఉష్ణోగ్రత దగ్గర రివర్స్ కరెంట్ (బ్యాటరీని తిరగేసి కలిపినప్పుడు పారే చిన్న కరెంట్) ఎంతుందో రాసుకుంటాం. ఆ కరెంట్ లాగరిథమ్‌ని ఉష్ణోగ్రత విలోమం మీద గ్రాఫ్ గీస్తే సరళరేఖ వస్తుంది, దాని వాలు నుంచి గ్యాప్ తెలుస్తుంది. జెర్మేనియం డయోడ్ అయితే 0.7 ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర్లో రావాలి. ఒకవేళ ఎవరైనా సిలికాన్ డయోడ్ పెట్టి, బాగా చిన్న కరెంట్లు కూడా చూపించే మీటరుతో కొలిచి, అదే ఫార్ములా వేస్తే ఏమవుతుంది? సిలికాన్ గ్యాప్ 1.1 అని పుస్తకంలో ఉంటుంది, లెక్కలో దాదాపు సగమే వస్తుంది. మన పద్ధతిలో అయితే ఆ రీడింగులు కొట్టేసి 1.1 వచ్చేలా కొత్తవి రాస్తారు. కానీ కొలత తప్పు కాదు. జెర్మేనియంలో రివర్స్ కరెంట్ ఇంట్రిన్సిక్ క్యారియర్ల (వేడికి పదార్థంలో వాటంతట అవే విడిపడే ఎలక్ట్రాన్లు, అవి వదిలిన ఖాళీలైన హోల్స్) సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సిలికాన్‌లో మాత్రం ఆ ఉష్ణోగ్రతల దగ్గర ఎక్కువ భాగం డిప్లిషన్ పొరలోనే (జంక్షన్ దగ్గర క్యారియర్లు దాదాపు లేని పొర) పుట్టే ఎలక్ట్రాన్, హోల్ జతల నుంచి వస్తుంది, అది వర్గం కాకుండా సంఖ్యని బట్టే పెరుగుతుంది, అందుకే వాలు సగం. డయోడ్‌లో కరెంట్ ఎక్కడ పుడుతుందో చెప్పే ఇంత పెద్ద సంగతి ఆ ‘తప్పు’ జవాబులో ఉంది! నూనెలో పెట్టిన థర్మామీటరు నూనె వేడి చెబుతోందా, డయోడ్ లోపలి జంక్షన్ వేడి చెబుతోందా అనే ప్రశ్న కూడా ఇలాంటిదే, త్వరగా చల్లార్చి ఒకసారి, నిదానంగా చల్లార్చి ఒకసారి చేస్తే పిల్లలకే తెలిసిపోతుంది. నేను ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం మొత్తం ఇదే, ఊహించిన అంకె రానప్పుడు ఎందుకు రాలేదో వెతకడం. దీన్ని పద్దెనిమిదేళ్ళకే నేర్పించే చోటు ఫిజిక్స్ ల్యాబు, అక్కడేమో అంకె మార్చడం నేర్పిస్తున్నాం.

సొంతంగా నేర్చుకుని గొప్పవాళ్ళైన వారి పేర్లు చెప్పి కాలేజీ అక్కర్లేదనేవాళ్ళు ఒకసారి ఆలివర్ హెవిసైడ్ గురించి చదవాలి. లండన్‌లో 1850లో పుట్టాడు, పదహారేళ్ళకి బడి మానేశాడు, యూనివర్సిటీ గడప తొక్కలేదు. 1873లో మాక్స్‌వెల్ రాసిన విద్యుదయస్కాంత గ్రంథాన్ని ఇంట్లో కూర్చుని ఏళ్ళ తరబడి చదివాడు. ఇవాళ మనం మాక్స్‌వెల్ సమీకరణాలని నాలుగు వరసల్లో వెక్టర్లతో రాస్తున్నామంటే అలా కుదించిన వాళ్ళలో ఆయన ముఖ్యుడు. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో స్టెప్ ఫంక్షన్ ఆయన పేరుతోనే ఉంది, ట్రాన్స్‌మిషన్ లైన్ల పాఠంలో వచ్చే టెలిగ్రాఫ్ సమీకరణాలు ఆయనవే. సరే, కానీ ఆ పుస్తకం పట్టుకోవడానికి ముందు ఆయన టెలిగ్రాఫ్ ఆపరేటరు. సముద్రం కింద వేసిన కేబుళ్ళలో సిగ్నల్ ఎలా వెళ్తుందో, ఎక్కడ చెడిపోతుందో చేత్తో చూసినవాడు. ఆయనకి డిగ్రీ లేకపోయినా కేబుల్ ఉంది.

మన దగ్గరా స్వామి జ్ఞానానంద ఉన్నారు. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో 1896లో పుట్టిన సన్యాసి, ఐరోపా వెళ్ళి ముప్పై దాటిన వయసులో ఫిజిక్స్ మీద మనసుపడి, ప్రేగ్‌లో ఎక్స్ రేల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకుని, ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు. ఆయనకీ ఆసక్తి సొంతమే, దానికి లోటు లేదు. అయినా ఒక ల్యాబు ఆయన్ని లోపలికి రానిచ్చింది.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. పాలిటెక్నిక్ చేసి ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరే పిల్లలు. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడంలో, మోటారు విప్పి బిగించడంలో మిగతా క్లాసు కంటే వీళ్ళు ముందుంటారు, కానీ బీటెక్ మొదటి ఏడాది లెక్కలూ ఫిజిక్సూ వీళ్ళకి ఉండవు, చేరీ చేరగానే డిఫరెన్షియల్ ఈక్వేషన్లు వచ్చినట్టే అనుకుని పాఠం మొదలైపోతుంది. ఆ లోటు వాళ్ళు సొంతంగానే పూడ్చుకోవాలి, అదీ ఇంగ్లీషులో. బ్యాక్‌లాగులు పడి, తమకి బుర్ర లేదనుకునే పిల్లల్ని నేను చూశాను, నిజానికి వాళ్ళకి కావాల్సింది మొదటి సెమిస్టర్‌లో సాయంత్రం పూట తెలుగులో అడిగి చెప్పించుకునే ఒక గంట. 2021లో సాంకేతిక విద్యని పర్యవేక్షించే ఏఐసీటీఈ బీటెక్‌ని తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో చెప్పడానికి అనుమతి ఇచ్చింది. పూర్తి కోర్సు తెలుగులో పెట్టలేని కాలేజీలు కూడా సందేహాలు తీర్చే గంట తెలుగులో పెట్టొచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇంట్లో కూర్చుని ప్రయోగాలు చేయలేమా అంటే కొన్ని చేయొచ్చు. జర్మనీలో ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌తో ఫోన్‌లో ఉన్న సెన్సర్లనే కొలత పరికరాలుగా వాడుకోవచ్చు, మీటరు పొడవు తాడుకి బరువు కట్టి ఊపి అటూ ఇటూ ఒకసారి ఊగడానికి రెండు సెకన్లు పడుతోందో లేదో ఈ సాయంత్రమే చూడొచ్చు. ఢిల్లీలో ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ వాళ్ళు తయారుచేసిన ఎక్స్‌పైస్ అనే చిన్న పెట్టె కంప్యూటరుకి తగిలిస్తే ఆసిలోస్కోప్‌లా పనిచేస్తుంది, ప్రతి కాలేజీ నాలుగు కొని లైబ్రరీలో పుస్తకాల్లాగే పిల్లలకి ఇంటికి ఇవ్వొచ్చు. కానీ లేజర్, స్పెక్ట్రోమీటర్, హాల్ ఎఫెక్ట్ సెట్టు ఇంట్లో ఉండవు. కాలేజీలో ఉన్నాయి, ల్యాబ్ టైము అయిపోగానే తాళం వేసుకుని ఉన్నాయి.

యూనివర్సిటీలని నేను అడిగేవి పెద్దవేమీ కాదు. వారానికి రెండు సాయంత్రాలు ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్ ల్యాబులు తెరిచి ఉంచమని అనుబంధ కాలేజీలకి చెప్పండి, ఒక ల్యాబ్ అసిస్టెంటూ ఒక రిజిస్టరూ ఉంటే సరిపోతుంది. ఆ ఊళ్ళో డిగ్రీ చదివేవాళ్ళనీ, సొంతంగా నేర్చుకునేవాళ్ళనీ ఐడీ కార్డు చూసి రానివ్వండి. ల్యాబ్ మార్కుల్లో కొంత భాగం జవాబుకి కాకుండా, వచ్చిన జవాబు పుస్తకంతో ఎందుకు కలవలేదో రాసినందుకు ఇవ్వండి. ఎక్స్‌టర్నల్‌గా పరీక్ష పెట్టడానికి వచ్చేవాళ్ళు రికార్డు అట్ట చూసి సంతకం పెట్టకుండా, ల్యాబులో అప్పటికప్పుడు రాసుకునే అబ్జర్వేషన్ పుస్తకంలో పెన్సిల్ రీడింగులు అడగాలి. పరికరాలు పాడైపోతాయని యాజమాన్యాలు అంటాయి. పాడైతే పిల్లల చేతనే బాగుచేయించండి, ఈసెట్ నుంచి వచ్చినవాళ్ళు ఆ పని చక్కగా చేస్తారు.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు,
కాకినాడ