పాంప్లెట్లు లేవు, పద్యం ఉంది: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

వృద్ధ కళాకారుల పింఛను గురించి మా అత్తయ్య తరఫున రాస్తున్న నాలుగో ఉత్తరమిది. ముందు మూడింటికీ జవాబు లేదు. అందుకే అందరూ చూసేలా రాయాల్సి వచ్చింది, మన్నించండి.

సురభి కమలాబాయి గారి గురించి మీకు తెలియంది కాదు. తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులొచ్చి స్టేజీ మీదే పుట్టిందని పెద్దవాళ్లు చెబుతారు. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టే రోజుల్లో సురభి నాటక కుటుంబాలవాళ్లు తమ ఇంటి ఆడవాళ్లనే స్టేజీ ఎక్కించారు. అక్కడ పెరిగిన పిల్ల 1932లో మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి అయింది. 1951లో 'పాతాళభైరవి'లో తోటరాముడి తల్లీ ఆమే. సినిమాల్లోకి వెళ్లింది కాబట్టి ఆమె పేరు నిలిచింది. నాటకాల్లోనే ఉండిపోయిన ఆడవాళ్ల పేర్లు ఎక్కడ దొరుకుతాయి సార్?

మా అత్తయ్యకి వచ్చిన కష్టం అదే. నటి అని రుజువేంటంటారు. ఫొటోలు, పాంప్లెట్లు, పేపర్ కటింగులు తెమ్మంటారు. ముప్పై ఏళ్లు తిరనాళ్లలో, జాతరల్లో తెల్లవార్లూ హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేసిన మనిషి. పాంప్లెట్లు టీ కొట్ల గోడల మీదే వానకి నానిపోయాయి. దాచుకున్న రెండింటిలోనూ పేరు ముందు ఊరి పేరుంది, ఆధార్‌లో ఇంటిపేరుంది. ఈ ఇద్దరూ ఒకరేనని ఎలా నమ్మాలన్నారు. నాటకాల కాంట్రాక్టర్‌తో రాయించుకు రమ్మన్నారు. ఆయన పోయి పన్నెండేళ్లయింది. హార్మోనిస్టు మంచం మీద ఉన్నాడు, చెయ్యి కదలదు.

మొన్న ఆఫీసులో అత్తయ్య నిలబడి కాటిసీను పద్యం ఎత్తుకుంది. రెండు పాదాలు కూడా కాలేదు. "అవన్నీ వద్దమ్మా, కాగితం కావాలి" అన్నారు. బస్సులో ఇంటికొచ్చేదాకా ఆవిడ మాట్లాడలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఏప్రిల్ 16న నాటకరంగ దినోత్సవం సభలు పెడతారు. సంతోషమే. ఆ రంగంలో బతికినవాళ్ల ముఖం కూడా చూడండి. పేరు తేడా ఉంటే ఊళ్లో విచారించండి. ఆమె నాటకం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల మాట తీసుకోండి. దయచేసి ఈ ఒక్కటి చేయండి సార్.

అత్తయ్యకి 74 ఏళ్లు. మీ ఆఫీసు మెట్లు ఇంక ఎక్కలేదు. నాటకం తెలిసిన మనిషిని ఎవరినైనా మా ఇంటికి పంపండి. ఆ పద్యం మొత్తం పాడుతుంది.

ఇట్లు,
ఒక రంగస్థల నటి కోడలు