కిరాయి చట్టంలో కిరాయిదారు ఎక్కడున్నాడు? గృహనిర్మాణ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ గృహనిర్మాణ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు.

కిరాయి చట్టం గురించి ఇంతకుముందు పెట్టుకున్న అర్జీలకు రసీదు నంబర్లు వచ్చాయి, జవాబులు రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం. ఇందిరమ్మ ఇళ్ల గురించి కాదు లెండి. సొంత జాగా ఉన్నవారికి 5 లక్షలు ఇస్తున్నారు, సంతోషం. హైదరాబాద్‌లో జాగా ఉన్నవాడు కిరాయికి ఎందుకుంటాడని మళ్లీ అడిగి మీ సమయం తినం. ఈ లేఖ ఒక్క అంకె గురించి. ఆ అంకె 3,500.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం మీకు తెలిసిందే. దానికి 2005లో చేసిన సవరణ ప్రకారం, మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన కిరాయి ఇంటికి ఆ చట్టం వర్తించదు. మిగతా ఊళ్లలో ఆ గీత 2,000 దగ్గర ఉంది. అంతకుముందు 1983 నాటి జీవో ప్రకారం అది 1,000 రూపాయలు. అంటే 22 ఏళ్ల తర్వాత ఒకసారి గుర్తొచ్చి గీత జరిపారు, ఆ తర్వాత దాన్ని ముట్టుకున్నవారు లేరు. రాష్ట్రం విడిపోయింది, చట్టం పేరులో ఆంధ్రప్రదేశ్ తీసేసి తెలంగాణ అని రాసుకున్నాం. అంకె మాత్రం అలాగే ఉంది.

ఈ రోజు మాదాపూర్ పక్క వీధిలోనో, మణికొండలోనో 3,500కు ఏం దొరుకుతుందో మీ కార్యాలయంలో పనిచేసే అటెండర్‌ను అడిగినా చెబుతారు. రేకుల గది కూడా దొరకదు, బైకు పెట్టుకునే జాగా దొరికితే దొరకొచ్చు. నగరంలో కిరాయికి ఉండేవాళ్లలో దాదాపు అందరూ చట్టం బయటే ఉన్నారన్నమాట. న్యాయమైన అద్దె నిర్ణయించమని, అద్దె తగాదాలు తేల్చే రెంట్ కంట్రోలర్‌ను అడిగే హక్కు, కారణం చూపకుండా ఖాళీ చేయించకూడదన్న రక్షణ, నీళ్లూ కరెంటూ ఆపకూడదన్న నిబంధన, అన్నీ పుస్తకంలో భద్రంగా ఉన్నాయి. వాటిని వాడుకునే అర్హత గలవాడే నగరంలో లేడు.

ఇంకో తలుపు కూడా ఉంది. కట్టిన నాటి నుంచి 15 ఏళ్ల వరకు ఏ భవనానికీ ఈ చట్టం వర్తించదు. కొత్తగా కట్టేవాళ్లను ప్రోత్సహించడానికట, సరే. కానీ 75 శాతానికి తగ్గకుండా తిరగకట్టిన పాత భవనానికీ ఆ 15 ఏళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. పాత కాలనీలో అలా తిరగకట్టిన ఇల్లు ఏదైనా, కిరాయి ఎంత తక్కువున్నా, చట్టం నుంచి మళ్లీ తప్పుకున్నట్టే. బస్తీ ముఖం మారినకొద్దీ రక్షణ పోతుంది. మార్పు వచ్చే చోటే కదా రక్షణ అవసరం?

చట్టం బయట ఉన్నవాడికి మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 106వ సెక్షన్ నెలవారీ కిరాయిదారుకు 15 రోజుల నోటీసు చాలంటుంది. కారణం చెప్పనక్కర్లేదు. ఆషాఢంలోనో పుష్యంలోనో నోటీసు వస్తే ఆ 15 రోజుల్లో పాలు పొంగించడానికి మంచి రోజు కూడా దొరకదు, కొత్త ఇంటివాళ్లు శూన్య మాసంలో గడప తొక్కనివ్వరు. నోటీసుకు లొంగకపోతే యజమాని సివిల్ కోర్టుకు వెళ్లాలి, నిజమే. కానీ పిల్లల బడీ రోజు కూలీ మధ్య వాయిదాలకు తిరిగే ఓపిక ఎవరికుంటుంది? నోటీసు దాకా కూడా పోదు వ్యవహారం. 'మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు' అన్న ఒక్క మాట చాలు. రెండు వారాల తర్వాత అదే గేటుకు 5,000 ఎక్కువ కిరాయితో టూలెట్ బోర్డు వేలాడుతుంది, అబ్బాయి అమెరికాలోనే ఉంటాడు.

11 నెలల కాగితం సంగతి చూడండి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ అసలు రూపంలో ఏడాది దాటిన లీజునే తప్పక రిజిస్టర్ చేయించాలంటుంది, 1999లో ఉమ్మడి రాష్ట్రం చేసిన సవరణ తర్వాత మన దగ్గర ఏ లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పదు. అయినా ఏడాది దాటకపోతే చాలన్న పాత లెక్కతోనే ఒక నెల తగ్గించి, వంద రూపాయల స్టాంపు పేపర్ మీద నోటరీ ముద్ర వేయిస్తారు. అసలు కాపీ యజమాని బీరువాలో, జిరాక్స్ కిరాయిదారు చేతిలో. 12వ నెల నుంచి కాగితమే ఉండదు, ఉండేది నెలవారీ కిరాయిదారే, మళ్లీ పైన చెప్పిన 15 రోజులే. కాగితంలో ఏటా 5 శాతం పెంపు అని రాసుకున్నా అది ఆ 11 నెలల వరకే, అంటే ఒక్కసారి కూడా అమలుకు రాదు! పెంపు షరతు రాయించుకున్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

ఇల్లు మారడమంటే సామాను బండికెక్కించడమేనని పైన కూర్చున్నవారు అనుకుంటారేమో. లెక్క వేసి చూపిస్తాం. ఇప్పుడున్న కిరాయి 15,000, కొత్తది 18,000 అనుకోండి. రెండు నెలల అడ్వాన్సు 36,000, మొదటి నెల కిరాయి 18,000, బ్రోకర్‌కు సగం నెల 9,000. ట్రాలీ ఆటోకూ కూలీలకూ ఇవ్వకముందే 63,000 చేతిలో ఉండాలి. పాత అడ్వాన్సు 30,000 వస్తుంది కదా అంటారు. అది తాళాలు అప్పజెప్పాక గానీ రాదు, కొత్త అడ్వాన్సేమో తాళాలు తీసుకోకముందే కట్టాలి. పైగా పాతదాంట్లో పెయింటింగ్ పేరుతో ఒక నెల కోత ఖాయం. నాలుగేళ్లున్నా కోతే, ఎనిమిది నెలలున్నా కోతే, గోడ మీద మేకు దిగినా దిగకపోయినా కోతే. ఆ డబ్బుతో నిజంగా సున్నం వేశారా లేదా అని అడిగే అధికారి ఎవరూ లేరు. చేతికి దక్కేది 15,000. అంటే అది తిరిగొచ్చాక కూడా 48,000 అప్పు మిగులుతుంది. మూడేళ్లలో రెండుసార్లు మారితే ఎంతో మీరే గుణించుకోండి.

కరెంటు సంగతి మీ శాఖది కాదంటారు. కానీ ఇల్లు మీదే కదా, మీటరు దాని గోడకే ఉంటుంది. ఒక పాత ఇల్లు, నాలుగు పోర్షన్లు, ఒకటే సర్వీసు కనెక్షన్, లోపల నాలుగు సబ్‌మీటర్లు. ఒక్కో కుటుంబం నెలకు 60 యూనిట్లు కాలుస్తుంది. నలుగురికీ తెల్ల రేషన్ కార్డులున్నాయి. ఎవరి మీటరు వారికుంటే, నెలకు 200 యూనిట్ల వరకు ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకంలో నలుగురికీ సున్నా బిల్లు రావాలి. ఒకే మీటరు కాబట్టి మొత్తం 240 అవుతుంది, 200 దాటింది, ఎవరికీ రాదు. అంతటితో ఆగదు. 200 దాటిన సర్వీసుకు మొదటి 200 యూనిట్లు 5 రూపాయల 10 పైసల చొప్పున, పై 40 యూనిట్లు 7 రూపాయల 70 పైసల చొప్పున పడతాయి. ఎనర్జీ ఛార్జీ 1,328 రూపాయలు, మిగతా ఛార్జీలు కాస్త పైన. సబ్‌మీటరు మీద యూనిట్‌కు 10 చొప్పున వసూలు చేసే ఇంట్లో నలుగురూ కలిసి కట్టేది 2,400. సర్కారు ఉచితమన్నది పేదవాడికి బిల్లయింది, ఇంటివారికి ఆదాయమైంది. 20 వేల లీటర్ల ఉచిత నీళ్లదీ ఇదే దారి. కనెక్షన్ యజమాని పేరు మీద, ఆధార్ యజమానిది, 'వాటర్ ఛార్జీలు' మాత్రం కిరాయిదారుకు.

ఇప్పుడు అసలు దెబ్బ. 'డెవలప్‌మెంట్‌కు ఇచ్చేశాం.' పాత కాలనీల్లో ఈ మాట వినని కిరాయిదారు ఉండడు. మూడు వందల గజాల్లో పాత ఇల్లు, ఆరు పోర్షన్లు. యజమాని, బిల్డరు వాటాలు రాసుకుంటారు. ఇల్లు కూలుతుంది, ఐదంతస్తులు లేస్తుంది. ఆ ఒప్పందంలో ఇటుకకు లెక్క ఉంటుంది, కార్ల పార్కింగ్‌కు లెక్క ఉంటుంది, ఆ ఆరు కుటుంబాల ప్రస్తావన ఒక్క పంక్తిలోనూ ఉండదు. కొత్త ఫ్లాటు కిరాయి వాళ్లకు అందదు. ఆ వీధి ఇళ్లలో అంట్లు తోమేవాళ్లు, ఇస్త్రీ బండివాళ్లు, డ్రైవర్లు ఔటర్ దాకా పోవాలి, పొద్దున్నే అదే వీధికి రెండు బస్సులు మారి రావాలి. ముంబైలో మరమ్మతుల సెస్ (పన్ను) కట్టే పాత భవనాలను తిరగకడితే అందులోని కిరాయిదారుకు చోటు చూపాలన్న నిబంధన ఉంది. అక్కడ సాధ్యమైంది ఇక్కడ కనీసం చర్చకు కూడా రాదేం? నగర శివార్లలోని కొల్లూరులో 15 వేలకు పైగా డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టారు, కాదనం. అయితే పని ఒక మూల, ఇల్లు ఒక మూల అయ్యాక ఆ మధ్య దూరం జేబులోంచే పోతుంది.

యజమానులందరూ దుర్మార్గులని మేం అనడం లేదు. పింఛను లేక పై పోర్షన్ కిరాయితోనే బతికే పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకూ ఈ చట్టం అక్కరకు రాదు. కిరాయి ఎగ్గొట్టి కూర్చున్నవాడిని లేపాలంటే వాళ్లూ ఏళ్లు తిరగాల్సిందే.

కేంద్రం 2021 జూన్‌లో రాష్ట్రాలకు నమూనాగా మోడల్ టెనెన్సీ (అద్దె) చట్టం పంపింది. దాని మీద మాకు పెద్ద భ్రమలేం లేవు, అద్దెకు అది హద్దు పెట్టదు. అయినా ఇంటికి రెండు నెలలకు మించి అడ్వాన్సు తీసుకోకూడదంటుంది. కిరాయి పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలంటుంది, ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలంటుంది. రాత ఒప్పందం తప్పనిసరి, రెండు నెలల్లోపు రెంట్ అథారిటీకి తెలపాలి, తగాదా వస్తే 60 రోజుల్లో తేల్చాలి. గడువు దాటాక ఖాళీ చేయనివాడి నుంచి మొదటి రెండు నెలలు రెట్టింపు, తర్వాత నాలుగు రెట్లు వసూలు చేసుకునే వీలు యజమానికీ ఇచ్చింది. తమిళనాడు అంతకుముందే 2017లో సొంత చట్టం చేసుకుని 2019 నుంచి నడుపుతోంది. మన దగ్గర ఫైలు ఏ బల్ల మీద ఉందో చెప్పగలరా?

కుదరదని మాత్రం అనకండి. 2020లో భవన అనుమతుల కోసం టీఎస్ బీపాస్ చట్టం తెచ్చారు. 75 గజాల్లోపు ఇంటికి అనుమతే అక్కర్లేదన్నారు, పెద్ద భవనాలకు 21 రోజులని గడువు పెట్టారు. కట్టేవాడి కోసం ఇంత చురుగ్గా కదిలిన సర్కారు ఉండేవాడి కోసం కదలలేదా? చదరపు అడుగుకు నెలవారీ అద్దె విలువ ఇంత అని వీధి వీధికీ లెక్కకట్టే పద్ధతి ఆస్తి పన్ను కోసం కార్పొరేషన్ దగ్గర ఉండనే ఉంది. అద్దె విలువ పన్నుకు తెలుస్తుంది, రక్షణకు తెలియదు!

అడగాల్సినవి చాలా ఉన్నాయి గానీ ముందు ఆ 3,500 తీసేయండి. తీసేయలేకపోతే పెంచండి, ఏటేటా దానంతటదే పెరిగేలా రాయండి. పెయింటింగ్ కోతకు బిల్లు చూపించాలనండి. పోర్షన్‌కో మీటరు ఇప్పించండి, కిరాయిదారు దరఖాస్తుకు యజమాని సంతకం అడ్డు కాకుండా చూడండి. ఇల్లు కూల్చే అనుమతి దరఖాస్తులో 'ఇందులో ఎన్ని కుటుంబాలు కిరాయికి ఉన్నాయి' అన్న ఒక్క గడి చేర్చండి. ఒక్క గడి. దానికి జీవో కూడా అక్కర్లేదేమో. కిరాయికి రసీదు ఇప్పించండి, ఏడాదికి లక్ష దాటితే ఆదాయపు పన్నులో అద్దె మినహాయింపుకు యజమాని పాన్ నంబరు కావాలి, అడిగితే ఖాళీ చేయమంటున్నారు. ఇంకా 3,500 గురించి మళ్లీ చెబుతున్నామనుకోకండి, మళ్లీ చెబుతున్నాం.

ఇవేవీ ఇప్పట్లో కావంటే ఒక్క ఉపకారం చేయండి. నగరంలో 3,500 రూపాయల్లోపు కిరాయికి దొరికే ఇల్లు మీ అధికారుల దృష్టిలో ఏదైనా ఉంటే చిరునామా పంపించండి. పోర్షన్ అయినా సరే, బాత్‌రూం బయటున్నా సరే. రేపే వచ్చి అడ్వాన్సు కడతాం.

ఇట్లు,
హైదరాబాద్ కిరాయిదారులు